విదేశీ ఆర్డర్లు, ఇంటి అరుగులు: లెక్కకు రాని కూలి

(బండారులంకలో చేనేత కుటుంబాల స్త్రీలతో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలిచినప్పుడు నిర్వాహకులు నాకు ఇచ్చిన విషయం ‘విదేశాల నుంచి వచ్చే పని - లాభనష్టాలు’. పొద్దున్నుంచీ మీ ఇళ్ల అరుగుల మీద కూర్చుని మాట్లాడాక దాని వెనక ఉన్న అసలు ప్రశ్న తెలిసింది. మగ్గం మీద రాబడి తగ్గిపోతోంది. పిల్లలు మగ్గం గుంటలో దిగమంటున్నారు. ఈలోగా ఎవరో వచ్చి ఎగుమతి పని ఇప్పిస్తామంటున్నారు. దారం వాళ్లదేనట, డిజైను వాళ్లదేనట, ఇల్లు కదలక్కర్లేదట, సరుకు జర్మనీకో అమెరికాకో పోతుందట. ఒప్పుకోవాలా, వద్దా? ఇదీ మీరడుగుతున్నది.

చదువుకున్నవాళ్లు దీన్ని ‘ఔట్‌సోర్సింగ్’ అంటారు. మన ఆంధ్రలో ఆ మాట వినగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఆసుపత్రిలోనో మునిసిపాలిటీలోనో పర్మినెంటు కాని ఉద్యోగం. పత్రికలవాళ్లు ‘పొరుగు సేవలు’ అని అనువాదం కూడా చేశారు. ఎవరికి ఎవరు పొరుగో నాకెప్పుడూ అర్థం కాలేదు. ఇవాళ నేను మాట్లాడేది దాని పెద్దన్న గురించి. ఒక దేశంలో అమ్మే సరుకును ఇంకో దేశంలో, కూలి తక్కువున్న చోట చేయించుకోవడం గురించి. హైదరాబాద్‌లో 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచీ ఈ చర్చ అంతా కంప్యూటర్ల చుట్టూ, రాత్రి షిఫ్టుల చుట్టూ తిరిగింది. గోదావరి డెల్టాలో మాత్రం ఈ పద్ధతి కంప్యూటర్ కంటే చాలా పాతది.

ఎంత పాతదో చెప్తాను. రాజోలు మీదుగా సఖినేటిపల్లి వెళ్లి రేవు దాటితే అవతల ఒడ్డున దిగేది మాధవాయిపాలెంలో. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ అక్కడ కొఠీ పెట్టింది. కొఠీ అంటే బట్ట తయారుచేసే ఫ్యాక్టరీ కాదు, బట్ట పోగుచేసే గిడ్డంగి. నేత ఊళ్లలో జరిగేది, కంపెనీ దళారుల చేత బయానా ఇప్పించి కొలతల ప్రకారం బట్ట తీసుకునేది. తెల్లవాళ్ల నోట మాధవాయిపాలెం ‘మడపొల్లం’ అయింది, ఆ పేరు ఒక రకం నూలు బట్టకే పేరైపోయింది. బట్టల నిఘంటువుల్లో ఇప్పటికీ ఉంది. అలాగే డచ్చివాళ్లకు పాలకొల్లు, ద్రాక్షారామం. ఊరి పేరు లోకమంతా తిరిగింది గానీ, ఆ బట్ట నేసిన ఒక్క మనిషి పేరైనా, ఆ పడుగు తోడిన ఒక్క ఆడమనిషి పేరైనా మనకు తెలియదు. పందొమ్మిదో శతాబ్దంలో లాంకషైర్ మిల్లు బట్ట వచ్చి ఆ ఎగుమతిని పడగొట్టినప్పుడు నష్టం ఎవరు మోశారో మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఇక అసలు సంగతికి వస్తాను. అదే నరసాపురంలో లేసు.

పందొమ్మిదో శతాబ్దం మధ్యలో ఇక్కడికి వచ్చిన క్రైస్తవ మిషనరీ కుటుంబాల ఆడవాళ్లు, కొత్తగా మతంలో చేరిన పేద మాల, మాదిగ స్త్రీలకు కొక్కెం సూదితో లేసు అల్లడం నేర్పారు. తమ దేశాల్లో తెలిసినవాళ్లకు పంపి అమ్మించేవారు. కొంత కాలానికి వ్యాపారులు చేరారు. పని పక్క కులాలకు పాకింది. గడప దాటి కూలికి వెళ్లడం పరువు తక్కువ అనుకునే కాపుల ఇళ్లకు కూడా వెళ్లింది. బల్ల మీద పరిచే గుడ్డలు, దిండు గలీబుల అంచులు, జాకెట్ల కాలర్లు ఇక్కడ అల్లి ఐరోపాకు, అమెరికాకు, ఆస్ట్రేలియాకు పంపారు. ఇళ్లలో తయారైన ఈ సరుకును కొనే ఇల్లు మాత్రం ఈ జిల్లాలో ఒక్కటీ లేదు.

1970ల చివర మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త నరసాపురం ప్రాంతానికి వచ్చి ఈ పని మీద పరిశోధన చేశారు. నేనప్పటికి పుట్టలేదు. ఆమె పుస్తకం 1982లో లండన్‌లో అచ్చయింది. ‘నరసాపురం లేసు కార్మికులు - ప్రపంచ మార్కెట్టుకు ఉత్పత్తి చేసే భారతీయ గృహిణులు’ అని దాని పేరుకు అర్థం. సమాజశాస్త్రం విద్యార్థిగా నేను మొదట చదివినప్పుడు ఒక విశ్వవిద్యాలయం లైబ్రరీలో చదివాను. లోకంలో స్త్రీ శ్రమ గురించి పాఠం చెప్పేచోట నరసాపురం పేరు వినపడుతుంది. నరసాపురంలో లేసు అల్లే ఆడవాళ్లలో ఆ పుస్తకం చూసినవాళ్లు మాత్రం నాకు ఒక్కరూ తగల్లేదు. మరియా మీస్ 2023లో కన్నుమూశారు.

ఆమె చూపించింది ఏమిటంటే - ఈ పనిలో లక్షకు పైగా ఆడవాళ్లు ఉంటారని అంచనా, అయినా జనాభా లెక్కల్లో వాళ్లు కార్మికులుగా కనపడరు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతారు. దానికి సగటున రోజుకు రూపాయి కూడా రాదు. పొలం కూలికి వెళ్లే ఆడవాళ్లకు అంతకంటే ఎక్కువ వచ్చేది. అయినా పొలానికి వెళ్లే ఆమె ‘కూలిది’, లేసు అల్లే ఆమె ‘ఇల్లాలు’. తక్కువ సంపాదించే ఆమెకు ఎక్కువ పరువు! ఏజెంట్లు, వ్యాపారులు, ఎగుమతిదారులు మగవాళ్లు. పని కూడా ముక్కలైపోయింది. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరిది అతుకుపని, మరొకరిది అంచు. పూర్తి గుడ్డ ఎలా ఉంటుందో, ఎంతకు అమ్ముడుపోతుందో అల్లే ఆమె చూడదు. ఈ మొత్తం వ్యవహారం నిలబడింది ఒకే మాట మీద: ‘ఇంట్లో ఖాళీగా ఉండే ఆడవాళ్లు తీరిక వేళల్లో చేసుకునే పని’. ఆ మాట వల్ల కూలి కూలి కాకుండా పోయింది, యజమాని యజమాని కాకుండా పోయాడు. మీస్ దీనికి ఒక పేరు పెట్టారు, తెలుగులో గృహిణీకరణ అనుకుందాం. గృహిణి కాబట్టి తక్కువ కూలి ఇవ్వడం కాదు, తక్కువ కూలి ఇవ్వడానికి వీలుగా కార్మికురాల్ని గృహిణిగా చూపించడం.

ఆ మాట ఇప్పటికీ ఎంత బలంగా ఉందో నేను మొగల్తూరు వైపు ఒక ఊళ్లో చూశాను. ఒకావిడను ‘ఏం పని చేస్తారండీ’ అని అడిగాను. ‘పనేం లేదండి, ఇంట్లో ఖాళీయేనండి’ అంది. అంటున్నంతసేపూ చేతులు ఆగలేదు, సూది ఆగలేదు. చూపు కూడా దారం మీదే ఉంది. పక్కింటి పెద్దావిడ నవ్వి, ‘ఖాళీయేనండి ఆయ్, కళ్లజోడు రెండుసార్లు మార్చింది ఖాళీగా ఉండే’ అంది.

ఇంత చెప్పాక ‘అయితే లేసు వద్దంటావా’ అని మీరడగొచ్చు. నేననను. ఆ పని వల్ల ఏం ఒరిగిందో ఆడవాళ్లే చెప్తారు, మనం వినాలి. వర్షాకాలంలో పొలం పని లేనప్పుడు బియ్యం వచ్చాయి. మొగుడు తాగి పడుకున్న ఇంట్లో పిల్ల పరీక్ష ఫీజు కట్టింది లేసు డబ్బే. బయటికి పంపని ఇళ్లలో కోడళ్లకు తమ చేతి మీదుగా నాలుగు రూపాయలు వచ్చే దారి అదొక్కటే. మధ్యాహ్నం నలుగురూ అరుగు మీద చేరి అల్లుకుంటూ చెప్పుకునే కష్టసుఖాలు ఏ కూలి లెక్కలోకీ రావు, కానీ అవీ ఉన్నాయి. పట్నంలో కూర్చుని ‘ఇదంతా దోపిడీ, మానేయండి’ అని చెప్పే హక్కు మనకు లేదు. మానేస్తే ఏముంది? చాలా ఇళ్లకు రెండో దారి గల్ఫ్.

గల్ఫ్ సంగతి కోనసీమలో నేను కొత్తగా చెప్పేదేముంది. పని ఇక్కడికి రాకపోతే మనిషే పని దగ్గరికి పోతుంది. ఒక తేడా మాత్రం గమనించండి. ఇళ్లలో పనికి కువైట్ వెళ్లే స్త్రీకి ముప్ఫై ఏళ్లు నిండాలని నిబంధన ఉంది. 1983 నాటి వలస చట్టం కింద అనుమతి కావాలి, ఒప్పంద పత్రం ఉండాలి. ఇవి ఎంత బాగా అమలవుతాయన్నది వేరే సంగతి, దొడ్డిదారిన వెళ్లినవాళ్ల కథలు ఈ హాల్లోనే ఉంటాయి. కానీ కాగితం మీదైనా ఆమె ‘పనికి వెళ్తున్న మనిషి’. అదే ఆమె ఇక్కడే కూర్చుని అదే విదేశం కోసం పదేళ్లు అల్లినా ఆమె పేరు ఏ కాగితంలోనూ ఉండదు. నా మాటల్లో అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. విదేశీ పని మంచిదా చెడ్డదా అని దేశాల పేరు చెప్పి తేల్చలేం. ఆ పనిలో మీరు కాగితం మీద ఉన్నారా లేరా అన్న దగ్గరే లాభమూ నష్టమూ విడిపోతాయి.

నష్టం ఎలా కిందికి జారుతుందో చూద్దాం. పారిస్‌లోనో హాంబర్గ్‌లోనో దుకాణం, దానికి సరుకు తెచ్చే దిగుమతిదారు, నరసాపురంలో ఎగుమతిదారు, ఆయన కింద ఏజెంటు, ఏజెంటు కింద ఊళ్లో దారం పంచే మనిషి. ఈ చివరి మనిషి తరచు ఆడమనిషే, మన పక్కింటి పిన్నిగారే. ఆమె తర్వాత మీరు. రేటు పైనుంచి కిందికి వస్తూ ప్రతి గడప దగ్గరా కొంత ఆగుతుంది. నష్టం మాత్రం ఎక్కడా ఆగదు. దుకాణం ఆర్డరు రద్దు చేస్తే తిన్నగా మీ అరుగు దాకా వచ్చేస్తుంది. 1990ల తర్వాత చైనా సరుకు తక్కువ ధరకు వచ్చి పడినప్పుడు ఇదే జరిగింది. 2020లో కరోనా వచ్చి విదేశీ దుకాణాలు మూసినప్పుడూ ఇదే జరిగింది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు పత్రికల్లో రొయ్యల రైతుల ఫొటోలు, ఎగుమతిదారుల ప్రకటనలు వచ్చాయి. రొయ్యలు వలిచే ఆడవాళ్లకు ఆ వారం ఎన్ని రోజులు పని దొరికిందన్నది వార్త కాలేదు. ఎగుమతిదారుకు బ్యాంకు ఉంది, బీమా ఉంది, సంఘం ఉంది, కలెక్టరు దగ్గరికి వెళ్లే కారు ఉంది. లేసు అల్లే ఆమెను పని నుంచి ఎవరూ తీసెయ్యనక్కర్లేదు కూడా. దారం ఇవ్వడం మానేస్తే చాలు.

తర్వాత తూకం, తిరుగుటపా. దారం తూచి ఇస్తారు, అల్లింది తూచి తీసుకుంటారు, తరుగు వస్తే కోస్తారు. చెయ్యి చెమటకు రంగు మారిందనో కొలత అంగుళం తగ్గిందనో ముక్క వెనక్కి ఇస్తారు. మళ్లీ విప్పి అల్లాలి, దానికి కూలి లేదు. దీపం ఖర్చు మీది, సూది మీది, కూర్చున్న చోటు మీది. ఫ్యాక్టరీ పెడితే యజమాని కట్టాల్సిన కరెంటు బిల్లు, అద్దె, మరమ్మతు అన్నీ మీ వంటింట్లో కలిసిపోయాయి. పీసు రేటు ఎప్పుడూ గౌరవంగానే వినపడుతుంది. లెక్క సులువు కోసం ఒక ముక్కకు అరవై రూపాయలు అనుకుందాం, బాగానే ఉందనిపిస్తుంది. ఆ ముక్కకు పది గంటలు పట్టిందనుకోండి, గంటకు ఆరు రూపాయలు. ఆ మాట ఏజెంటు అనడు, మీరూ అనుకోరు. ఎందుకంటే ఆ పది గంటలూ నాలుగు రోజుల మీద, పొయ్యి మీద పప్పు ఉడికే లోపు, పిల్ల నిద్రపోయాక, ముక్కలు ముక్కలుగా గడిచాయి. ఇంటిపని మధ్యలో పోయిన గంటను గంటగా లెక్కపెట్టడం ఎవరూ మనకు నేర్పలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. కొంచెం ఓపిక పట్టండి, ఇది మీకు పనికొచ్చేదే.

నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని బీడీలు చుడతారు. ఆకు, తంబాకు పైవాళ్లే ఇస్తారు, వెయ్యి బీడీలకు ఇంత అని కూలి, బాగా లేని కట్టలు తీసి పారేస్తారు. లేసు పనికీ దీనికీ పద్ధతిలో తేడా ఏమైనా ఉందా? లేదు. కానీ బీడీ కార్మికురాలికి 1966లోనే ఒక చట్టం వచ్చింది, అందులో ఇంట్లో పనిచేసే ఆమెనూ కార్మికురాలు అన్నారు. యజమానులు కోర్టుకెళ్లారు. 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందంది. ఇంట్లో చుట్టేవాళ్లకూ ప్రావిడెంట్ ఫండు ఇవ్వాల్సిందేనని 1985లో చెప్పింది. వాళ్లకు గుర్తింపు కార్డు వచ్చింది, పీఎఫ్ నంబరు వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2015లో బీడీ కార్మికులకు జీవనభృతి మొదలుపెట్టినప్పుడు ఎవరికి ఇవ్వాలో తెలిసింది ఆ పీఎఫ్ నంబరు వల్లే. బీడీ పని గొప్పదని నేననడం లేదు. దాని దగ్గు, దాని జబ్బులు మనకు తెలుసు. దశాబ్దాలపాటు యూనియన్లు పోరాడితే ఆ కార్డు వచ్చింది. లేసు దగ్గర ఆ పోరాటం ఆ స్థాయిలో జరగలేదు. విదేశానికి పోయే సరుకు కాబట్టి యజమాని ఎవరో కనపడలేదు, పరువైన ఇల్లాళ్ల పని కాబట్టి కార్మికురాలూ కనపడలేదు.

ఇంకో తీర్పు చెప్తాను, ఇది అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్లిన కేసు. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ అనే దర్జీ దుకాణం కేసులో సుప్రీంకోర్టు 1973లో తీర్పిచ్చింది. పీసు రేటు మీద కుట్టేవాళ్లు, వాళ్ల ఇష్టమొచ్చిన వేళకు వస్తారు, కొంత పని ఇంటికి తీసుకెళ్తారు, కాబట్టి నా ఉద్యోగులు కారు అన్నాడు దుకాణదారు. కోర్టు ఒప్పుకోలేదు. చేసిన సరుకు చెప్పినట్టు లేకపోతే తిరస్కరించే హక్కు యజమానికి ఉన్నప్పుడు, పని మీద అదుపు అతనిదే అంది. అంటే మీ ముక్కను ‘రిజెక్టు’ అని వెనక్కి పంపిన ప్రతిసారీ, తాను యజమానినని అతనే ఒప్పుకుంటున్నట్టు! ఆ వెనక్కి వచ్చిన ముక్కను బాధపడి విప్పేసే ముందు, ఏ తేదీన ఎవరు ఎందుకు వెనక్కి ఇచ్చారో రాసిపెట్టుకోండి. రేపు లేబర్ ఆఫీసులో మీ తరఫున సాక్ష్యం చెప్పేది అదే.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. కార్మిక సంఘాలు వాటిని ఎందుకు వ్యతిరేకిస్తున్నాయో మీకు తెలుసు, సమ్మె హక్కు మీద, తనిఖీల మీద ఆ అభ్యంతరాలు నాకూ ఉన్నాయి. కానీ రెండు సంగతులు మనం వాడుకోవాలి. పాత కనీస వేతనాల చట్టంలో ఒక షెడ్యూలు ఉండేది, మీ పని పేరు అందులో ఉంటేనే కనీస వేతనం. వేతనాల కోడ్‌లో ఆ అడ్డం తీసేశారు. పీసు రేటు మీద చేసినా, రోజు కూలికి నిర్ణయించిన కనీస వేతనం కంటే తగ్గకూడదని ఉంది. రెండోది, సామాజిక భద్రత కోడ్‌లో ‘గృహాధారిత కార్మికుడు’ అనే నిర్వచనం ఉంది (కార్మికురాలు అనడానికి వాళ్లకు ఇంకా నోరు రాలేదు): యజమాని కోసం తన ఇంట్లోనో తనకు నచ్చిన చోటో ప్రతిఫలం తీసుకుని పనిచేసే మనిషి, ముడిసరుకు యజమాని ఇచ్చినా ఇవ్వకపోయినా సరే. చిక్కు ఎక్కడుందంటే, ఈమెను అసంఘటిత కార్మికుల పద్దులో వేసి సంక్షేమ పథకాల వైపు తోశారు. వేతనాల కోడ్ ప్రకారం ‘ఉద్యోగి’ అవునా కాదా అన్నది తేల్చుకోవాల్సిందే. తేల్చేది మళ్లీ సాక్ష్యమే.

అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటి నుంచి పనిచేసేవాళ్ల కోసం 1996లో 177వ నంబరు ఒడంబడిక చేసింది. అహ్మదాబాద్‌లో 1972 నుంచీ పనిచేస్తున్న సేవ సంస్థ ఆడవాళ్లు దాని కోసం చాలా కష్టపడ్డారు. ఇండియా ఇప్పటికీ దానికి ఆమోదం ఇవ్వలేదు. దాంతోపాటు చేసిన సిఫారసుల్లో ఒకటి చాలా మామూలుది: పని ఇచ్చేవాడు ప్రతి మనిషికీ ఇచ్చిన పని, దానికి పట్టే సమయం, రేటు, కోతలు, చేతికి ఇచ్చిన మొత్తం రాసి ఉంచాలి, ఒక ప్రతి ఆమెకు ఇవ్వాలి. ఒక చీటీ, అంతే! దాని కోసం జెనీవా దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఫ్యాక్టరీలో అయితే బాగుంటుందా అని ఒక అమ్మాయి పొద్దున అడిగింది. అచ్యుతాపురం దగ్గర బ్రాండిక్స్ దుస్తుల పార్కులో వేలమంది ఆడపిల్లలు విదేశీ బ్రాండ్లకు కుడుతున్నారు. అక్కడ హాజరు పట్టీ ఉంది, పీఎఫ్ ఉంది, ఈఎస్ఐ ఉంది. లేసు అల్లేవాళ్లకు వందేళ్లు దాటినా రాని కాగితాలు అవి. అక్కడే 2022 జూన్‌లో ఒకసారి, ఆగస్టులో మళ్లీ ఒకసారి విషవాయువు పీల్చి పెద్ద సంఖ్యలో ఆడపిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. లోపల ఎంతమంది ఉన్నారో తెలిసింది కాబట్టి ఊరూవాడా అడిగింది, ప్రభుత్వం జవాబు చెప్పుకోవాల్సి వచ్చింది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో రాణాప్లాజా కూలి 1,134 మంది చనిపోయినప్పుడు, అక్కడి కార్యకర్తలు శిథిలాల్లో వెతికి బట్టల మీది బ్రాండు చీటీలు ఏరుకున్నారు. మాకు సంబంధం లేదన్న కంపెనీలను ఆ చీటీలతోనే పట్టుకున్నారు. కొద్ది వారాలకే భద్రత మీద చట్టబద్ధమైన ఒప్పందం వచ్చింది. జర్మనీ 2021లో చట్టం చేసి 2023 నుంచి పెద్ద కంపెనీలు తమ సరఫరాదారుల దగ్గర హక్కుల ఉల్లంఘనలకు జవాబు చెప్పాలంది. దాన్ని పలుచన చేసే ప్రయత్నాలూ వెంటనే మొదలయ్యాయనుకోండి. అయినా అలాంటి చట్టాన్ని ఇక్కణ్నుంచి తట్టాలంటే మనకు తెలియాల్సిన మొదటి సంగతి - ఈ ముక్క ఏ దుకాణంలో అమ్ముడవుతోంది? నరసాపురంలో ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన అల్లికామె నాకు కనపడలేదు. ముక్కల మీద చీటీ ఇక్కడ వేయరు, ఆఖర్న ఎక్కడో వేస్తారు.

2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. చైనా సరుకును నరసాపురం పేరుతో అమ్మకుండా ఆపడానికి పనికొస్తుంది. కానీ అది ఊరి పేరుకు రక్షణ, కూలి రేటుకు కాదు. ఆ పేరు వాడుకునే హక్కున్న వాడుకదారులుగా ఎవరు నమోదవుతారన్నది చూడాలి. ఎగుమతిదారులే నమోదైతే మడపొల్లం కథ మళ్లీ మొదటికొస్తుంది. అల్లేవాళ్ల సంఘాలు తమ పేర్లతో దరఖాస్తు పెట్టుకోవాలి, చట్టంలో ఆ వీలుంది.

ఇక మీ సంగతి. ఇంతసేపూ లేసు గురించి విన్నారు, మీ మగ్గం సంగతి చూడండి. నూలు చిలకలు తోడేదెవరు, కండెలు చుట్టేదెవరు, ఆసు పోసేదెవరు, అచ్చు అతికేదెవరు? కూలి మాత్రం చీరకు ఇంత అని నేసిన మనిషి చేతికి వస్తుంది. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత కార్మికుల్లో 70 శాతం పైగా ఆడవాళ్లే. 2019లో మొదలైన నేతన్న నేస్తం పథకం సొంత మగ్గం ఉన్న కుటుంబానికి ఏడాదికి 24,000 రూపాయలు ఇచ్చింది. లెక్క మగ్గానిది. ‘నేతన్న’ ఉన్నాడు, నేతక్క లేదు. కండె చుట్టే ఆమె ఆ పథకంలో ఎక్కడుంది? అందుకే కొత్త పని ఒప్పుకునే ముందే అడగమంటున్నాను. ఇక్కడ ఇప్పటికే లెక్కకు రాని పని చేస్తున్నవాళ్లకు, లెక్కకు రాని పని ఇంకొకటి తెచ్చి కలపకూడదు.

ఆ పని ఇస్తామన్న వాళ్లు మళ్లీ వస్తారు. ఒక్కొక్కరి ఇంటికి రానివ్వకండి, అందరూ కలిసి ఒకచోట కూర్చుని మాట్లాడండి. మొదటి ముక్కను మీలో నలుగురు, చెయ్యి చురుకైన ఒకరు, కొత్త ఒకరు, ఇద్దరు మధ్యరకం, గడియారం చూసి చేయండి. ఎన్ని గంటలు పట్టిందో సగటు తీయండి. ఎనిమిది గంటలకు ప్రభుత్వం కట్టిన కనీస వేతనం ఎంతో అమలాపురంలో కార్మిక శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకుని, ఆ లెక్కన ముక్కకు ఎంత పడాలో మీరే చెప్పండి. అతను చెప్పే రేటు దగ్గర బేరం మొదలుపెట్టకండి. ‘ఇంత ఇస్తే ఎగుమతి గిట్టదమ్మా, చైనావాడు పట్టుకుపోతాడు’ అంటాడు. అనొచ్చు, కొంత నిజం కూడా కావచ్చు. అప్పుడు అడగండి: అక్కడ దుకాణంలో దీని ధర ఎంత, నీకు ఎంత ముడుతోంది, బిల్లు చూపించు. చూపించకపోతే గిట్టదన్న మాట మనం నమ్మక్కర్లేదు.

ప్రతి ఒక్కరికీ ఒక పుస్తకం. బడిపిల్లల నోటుబుక్కు చాలు. తేదీ, తీసుకున్న దారం తూకం, ఇచ్చిన ముక్కలు, తూకం, వెనక్కి వచ్చినవి, కారణం, పట్టిన గంటలు, ఇచ్చిన డబ్బు. ప్రతి వరుస చివర దారం పంచే మనిషి సంతకం. సంతకం పెట్టనంటే ఆ రోజు దారం ఎవరూ తీసుకోవద్దు. ఇది అందరూ కలిసి చేస్తేనే సాగుతుంది, ఒక్కరు చేస్తే ఆ ఒక్కరికీ పని ఆగిపోతుంది. పిన్నిగారితో తగువు పెట్టుకోకండి, ఆమెకూ కమీషను తప్ప ఏమీ మిగలదు. ఆమెను కూడా సంఘంలో కలుపుకోండి. పై ఏజెంటు ఎవరో, సరుకు ఎక్కడికి పోతుందో తెలిసేది ఆమె వల్లే.

ఇంకొకటి. 2021లో మొదలైన ఈ-శ్రమ్ కార్డు మీలో చాలామందికి ఉందన్నారు. నమోదు చేసేటప్పుడు ‘ఏం పని’ అని అడిగితే ఏం చెప్పారని అడిగాను. ముగ్గురు ‘ఇంట్లోనే ఉంటాను’ అని చెప్పామన్నారు. ఒకావిడకు ఆ కంప్యూటర్ దగ్గరున్న అబ్బాయి వ్యవసాయ కూలీ అని కొట్టేశాడట, ఆమెకు సెంటు పొలం లేదు, పొలానికి వెళ్లిందీ లేదు. కార్డులు మార్పించుకోవచ్చు. రేపు సోమవారం కార్డు పట్టుకుని అందరూ కలిసి వెళ్లండి. వృత్తి గడి దగ్గర చేనేత పని అని పడేదాకా ఆ అబ్బాయి పక్కనుంచి కదలకండి.